ఐదో తరగతికొచ్చినా చదవడం రాని పిల్లలకి వీధిలోవాళ్లం ఏం చెయ్యొచ్చు?

మీ ప్రశ్న ఇదీ: విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో మీ వీధి పిల్లలు మున్సిపల్ బడికెళ్తున్నారు, ఐదుకొచ్చినా తెలుగు కూడబలుక్కోలేకపోతున్నారు. చందాలు పోగయ్యాయి. బడికి రంగులేయించాలా, సాయంత్రం ట్యూషన్ పెట్టాలా?

రంగుల మాట వదిలెయ్యండి. ముందు ఎవరికి ఎంత వచ్చో చూడాలి. అట్ట మీద పెద్ద అక్షరాలతో నాలుగు మెట్లు రాయండి: పది అక్షరాలు, పది చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఒక్కొక్కళ్లనీ విడిగా కూర్చోబెట్టి చదివించండి, ఐదు నిమిషాలు చాలు. కథ మాత్రం పాఠ్యపుస్తకంలోది వద్దు. దాన్ని కంఠతా పట్టి గడగడా అప్పజెప్పేస్తారు. అనుమానమొస్తే వాక్యం మధ్యలో ఓ మాట మీద వేలు పెట్టి ఇదేంటని అడగండి. బట్టీ పట్టినవాడు పెదాలు కదుపుకుంటూ వాక్యం మొదటినుంచి వస్తాడు. చాలామంది వ-మ-య, ప-ష-ఫ దగ్గర తడబడతారు. ఆ తర్వాత ఒత్తులు: ‘కత్తి’ని ‘కతి’ అనేస్తారు.

తరగతినిబట్టి కాకుండా మెట్టునిబట్టి జట్లు కట్టండి. ఐదోవాడు మూడోవాళ్లతో కూర్చోవాలంటే నామోషీ పడతాడు, కాబట్టి వాడికి హాజరు వేసే పని అప్పజెప్పండి. చెప్పేవాళ్లు ఒకరికి పిల్లలు పదిహేను మందికి మించకూడదు, రోజుకి గంటన్నర చాలు. చందా డబ్బు పోవాల్సింది పలకలకీ బ్యాగులకీ కాదు, చెప్పేవాళ్లకి. ఉచితంగా వస్తామనే ఇంజనీరింగ్ కుర్రాళ్లు సెమిస్టర్ పరీక్షలు రాగానే మాయమైపోతారు. అదే వీధిలో ఇంటర్ చదివిన గృహిణికి నెలనెలా ఎంతోకొంత ఇస్తే నిలబడుతుంది. నెలకోసారి మళ్లీ అదే అట్టతో చూడండి, కథ మాత్రం మార్చండి. రెండు నెలలైనా మెట్టు కదలకపోతే హాజరు చూడండి, లేదా కళ్లు చూపించండి.

ఇక బడి. ఎవరికి ఎంత వచ్చో రాసుకున్న చిట్టా హెడ్మాస్టరు దగ్గరికి పట్టుకెళ్లి నిలదీయకండి, తలుపులు మూసుకుపోతాయి. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం ఆడవాళ్లు. దారి అదే. కానీ పగలు పదకొండింటికి మీటింగ్ పెడితే కూలికెళ్లేవాళ్లు రారు, తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగేసుకుంటుంది. పొద్దున్నే ఎనిమిదింటికి పెట్టమని అడగండి.

తీర్మానంలో ‘టాయిలెట్లు బాగాలేవు’ అని రాస్తే ఎవరూ కదలరు. ‘ఆడపిల్లల టాయిలెట్లు మూడింటిలో రెండింటికి నీళ్లు రావట్లేదు’ అని రాయండి. భవనం కార్పొరేషన్‌ది, బడి పర్యవేక్షణ 2022 నుంచి విద్యాశాఖది. ఒకరి మీద ఒకరు తోసేస్తారు, అందుకే అదే కాగితం ఇద్దరికీ ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. అర అంగుళం ప్లాస్టిక్ ట్యాపు విరిగితే మాత్రం అర్జీ కోసం ఆగొద్దు. రెండు ట్యాపులు, టెఫ్లాన్ టేపు ముందే కొని ఉంచండి.

పెద్ద పిల్లల సంగతి వేరు. సెలవులకి ఆటోనగర్ మెకానిక్ షెడ్డులో పనికి కుదిరిన కుర్రాడు చేతికి డబ్బు తగిలాక బడికి రాడు. బడి తెరిచిన మూడో రోజుకల్లా ఇంటికెళ్లండి, నెలాగితే రిజిస్టర్లో పేరు ఉంటుంది గానీ పిల్లాడుండడు. వేరే ఊరినుంచి వచ్చిన కుటుంబానికి టీసీ రాలేదని చేర్చుకోకపోతే విద్యాహక్కు చట్టంలో ఐదో సెక్షన్ చూపించండి: టీసీ ఆలస్యం సాకుగా ప్రభుత్వ బడి ఎనిమిదో తరగతి వరకూ పిల్లల్ని తిప్పి పంపడానికి లేదు.