కొనే ముందు భుజం చూడండి, కుట్టించే ముందు బట్ట తడపండి

ప్రశ్న: త్వరలో ఆఫీసు ఉద్యోగంలో చేరుతున్నాను. రెడీమేడ్ చొక్కాలు నాకెప్పుడూ ఎక్కడో ఒకచోట బిగుతుగానో వదులుగానో ఉంటాయి. కొన్నాక టైలరు చేత సరిచేయించుకుంటే సరిపోతుందా?

జవాబు: వదులును తగ్గించవచ్చు. బిగుతును మాత్రం చాలావరకు ఏమీ చేయలేం. రెడీమేడ్ చొక్కా పక్క కుట్టు లోపల సెంటీమీటరుకు మించి బట్ట వదలరు. పైగా మడిచి రెండు వరసలు కుట్టేస్తారు. విప్పినా పాత సూది రంధ్రాలు కనిపిస్తాయి. అందుకే అనుమానంగా ఉంటే పెద్ద సైజే తీసుకోండి, కానీ భుజం దగ్గర మాత్రం రాజీ పడకండి.

అద్దం ముందు మొదట చూడాల్సింది ఆ భుజాన్నే. చేయి అతికిన కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఉండాలి. అది చేతి మీదికి జారిందంటే ఆ చొక్కాను అక్కడే వదిలేయండి. భుజం తగ్గించాలంటే చేతిని పూర్తిగా విప్పి, చంక గుండ్రాన్ని మళ్లీ కత్తిరించి, దానికి తగ్గట్టు చేతిని మళ్లీ అతకాలి. నేర్పరి టైలరు చేసినా చంక కింద పట్టేసినట్టు ఉండే ప్రమాదం ఎక్కువ.

తర్వాత కాలర్. పై గుండీ పెట్టుకున్నాక మెడకూ కాలర్‌కూ మధ్య రెండు వేళ్లు దూరాలి. కాస్త బిగుతైతే గుండీని అర సెంటీమీటరు వరకు జరిపించవచ్చు. అంతకు మించితే ముందు పట్టీ వంకర పోతుంది. ఇక ఛాతీ: అన్ని గుండీలూ పెట్టుకుని రెండు చేతులూ ముందుకు చాచండి. గుండీల మధ్య పట్టీ నోరు తెరిస్తే అది మీ సైజు కాదు.

నడుము దగ్గర సంచిలా ఉంటే బెంగ అక్కర్లేదు. వెనక రెండు డార్టులు (వదులు బట్టను లోపలికి మడిచి నిలువుగా వేసే కుట్లు) వేయించండి. ఒక్కో డార్టు 1.5 సెం.మీ. లోతుంటే చుట్టుకొలతలో 3 సెం.మీ. తగ్గుతుంది, రెంటికీ కలిపి 6 సెం.మీ. పొడవు 30 నుంచి 35 సెం.మీ. చాలు. రెండు కొసలూ సన్నగా సున్నాకు దిగాలి. కుట్టు హఠాత్తుగా ఆగితే అక్కడ బట్ట బుడిపెలా లేస్తుంది. చేతి పొడవు చూడాలంటే చేతులు కిందికి వదలండి. కఫ్ మణికట్టు దాటి అరచేయి మొదలయ్యే చోట ఆగాలి. పొడవు తగ్గించేటప్పుడు కఫ్ విప్పి, చేతిని కత్తిరించి, మళ్లీ అతుకుతారు. 4 సెం.మీ. వరకు ఫర్వాలేదు. అంతకంటే తగ్గిస్తే చేతి చీలిక మరీ పొట్టిదై, దాని మీది చిన్న గుండీ కఫ్‌ను ఆనుకుంటుంది.

ఇవన్నీ చేయించే ముందు చొక్కాను రెండుసార్లు ఉతికి ఆరేయండి. దీన్ని మాత్రం దయచేసి మానకండి. కాటన్ 3 శాతం కుంచించుకుపోయినా 62 సెం.మీ. చేయి దాదాపు 2 సెం.మీ. పొట్టిదవుతుంది. కొత్తదాన్ని అలాగే సరిచేయిస్తే మొదటి ఉతుకుతోనే ఆ ఖర్చంతా వృథా.

ప్యాంటుకు ఒక్క మాట: నిలబడినప్పుడు పక్క జేబులు తెరుచుకుంటే తుంటి దగ్గర బిగుతని అర్థం. పొడవు కొలిపించుకునేటప్పుడు ఆఫీసుకు వేసుకునే బూట్లే తొడుక్కుని నిలబడండి.

ప్రశ్న: తెల్ల చొక్కాలకు చంకల్లో పసుపు మరకలు పడుతున్నాయి. బ్లీచ్ వేస్తే ఇంకా ముదురుతున్నాయి. ఎందుకు?

జవాబు: అది ఒట్టి చెమట మరక కాదు. చెమటలోని ప్రోటీన్లు, కొవ్వు, చెమట పట్టకుండా చంకల్లో రాసుకునే యాంటీపెర్‌స్పిరెంట్‌లోని అల్యూమినియం లవణాలు కలిసి నూలును పట్టేస్తాయి. క్లోరిన్ బ్లీచ్ ఆ పసుపును ఇంకా పెంచుతుంది కాబట్టి ముందు దాన్ని ఆపేయండి.

3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ రెండు చెంచాలు, వంట సోడా రెండు చెంచాలు, గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు కలపండి. చొక్కా తిరగేసి, మరకను తడిపి, మెత్తటి బ్రష్‌తో ఈ ముద్ద రుద్ది అరగంట ఉంచి ఉతకండి. పాత మరకలు ఒక్కసారికే పోవు, రెండు మూడు విడతలు పడుతుంది. మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ చేయకండి, ఎండకూ డ్రయ్యర్‌కూ పెట్టకండి. వేడి తగిలితే మరక స్థిరపడిపోతుంది. మిగిలిన ముద్దను సీసాలో పోసి మూత పెట్టొద్దు, లోపల గ్యాస్ పేరుకుని పగలవచ్చు. క్లోరిన్ బ్లీచ్‌తో అసలే కలపొద్దు. ఈ పద్ధతి తెల్ల కాటన్‌కే. పట్టుకూ ఉన్నికీ వాడకండి. రంగు బట్టయితే లోపలి కుట్టు మీద ముందు పరీక్షించి చూడండి.

ఇకమీద రాకుండా ఉండాలంటే యాంటీపెర్‌స్పిరెంట్ పూర్తిగా ఆరాకే చొక్కా వేసుకోండి, విప్పిన రోజే ఉతికేయండి.

ప్రశ్న: షేడ్ కార్డు చూసి గోడలకు లేత బూడిద రంగు వేయించాం. పగలు నీలంగా, రాత్రి పసుపుగా కనిపిస్తోంది. పెయింటరు వేరే రంగు కలిపాడా?

జవాబు: పెయింటరును అనుమానించే ముందు బల్బు పెట్టె మీద అంకె చూడండి. 2700 కెల్విన్ అని ఉంటే పసుపు కాంతి, 4000 అయితే తటస్థమైన తెలుపు, 6500 అయితే నీలి ఛాయ. బూడిద రంగుకు సొంత బలం తక్కువ, మీద పడిన కాంతినల్లా చూపిస్తుంది. 4000 కెల్విన్, సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉన్న బల్బు ఒక్కటి మార్చి చూడండి. మళ్లీ రంగు వేయించే అవసరమే రాకపోవచ్చు.

ఈసారి రంగు ఎంచుకునేటప్పుడు అర మీటరు చదరపు తెల్ల అట్ట మీద, చుట్టూ కాస్త తెల్ల అంచు వదిలి, రెండు కోటింగులు వేయండి. దాన్ని కిటికీ పక్కన, కిటికీకి ఎదుటి గోడ మీద, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి దీపాల కింద పెట్టి చూడండి. పాత గోడ మీదే పులిమి చూడటం మంచిది కాదు. చుట్టూ ఉన్న పాత రంగు కంటిని తప్పుదారి పట్టిస్తుంది. షాపులో జత కుదిరిన నల్ల ప్యాంటూ కోటూ బయట వేరువేరు నలుపుల్లా కనిపించడానికీ కారణం ఈ కాంతే. వాటిని కొనే ముందు గుమ్మం దాకా తీసుకెళ్లి పగటి వెలుతురులో చూడండి.

ప్రశ్న: కర్టెన్లు కుట్టించాలి. కిటికీ వెడల్పు 120 సెం.మీ. బట్ట ఎంత కొనాలి?

జవాబు: కిటికీని కొలిస్తే సరిపోదు, రాడ్‌ను కొలవాలి. ఫ్రేముకు 10 నుంచి 15 సెం.మీ. పైన, రెండు పక్కలా 20 సెం.మీ. చొప్పున ఎక్కువ వచ్చేలా రాడ్ బిగించండి. అప్పుడు కర్టెన్ తెరిస్తే గోడ మీదికి పోతుంది, వెలుతురుకు అడ్డం రాదు. అంటే మీ రాడ్ 160 సెం.మీ.

కుచ్చు నిండుగా రావాలంటే బట్ట వెడల్పు రాడ్‌కు కనీసం రెండింతలు, పల్చటి బట్టయితే రెండున్నర ఇంతలు ఉండాలి. 140 సెం.మీ. పన్నా బట్ట మూడు ముక్కలు తీసుకుని, ఒక్కో పక్కకు ఒకటిన్నర ముక్క చొప్పున అతికితే, కుట్లూ అంచుమడతలూ పోను సుమారు 395 సెం.మీ. మిగులుతుంది. చక్కగా సరిపోతుంది. చాలామంది ఇక్కడే పొదుపు చేసి రెండు ముక్కలతో సరిపెడతారు. అవి మూసినప్పుడు దుప్పటి ఆరేసినట్టుంటాయి.

పొడవు రాడ్ నుంచి నేలకు సెంటీమీటరు పైదాకా కొలవండి. అది 230 సెం.మీ. అనుకుంటే, కింది అంచుకు 10 సెం.మీ. మడత రెండుసార్లు, పైన 10 సెం.మీ., కుంచించుకుపోవడానికి మరో 10 సెం.మీ. కలిపి ముక్క 270 అవుతుంది. మూడు ముక్కలకు 8.1 మీటర్లు. పెద్ద పువ్వుల డిజైనయితే ఈ లెక్క చాలదు. అతుకు దగ్గర పువ్వుకు పువ్వు కలవాలి కాబట్టి ముక్క పొడవును డిజైను పునరావృతమయ్యే కొలతకు పెంచుకోవాలి. డిజైను 64 సెం.మీ.కు ఒకసారి వస్తుంటే 270 కాస్తా 320 అవుతుంది, మొత్తం 9.6 మీటర్లు.

బట్టను కత్తిరించే ముందే తడిపి ఆరబెట్టండి. కింది అంచును వెంటనే కుట్టించకండి. పిన్నులు పెట్టి రెండు రోజులు వేలాడదీస్తే బట్ట సాగాల్సినంత సాగుతుంది, అప్పుడు సమంగా మడిచి కుట్టొచ్చు. ఎండ నేరుగా పడే కిటికీకి లైనింగ్ తప్పనిసరి. లేకపోతే మడతల అంచుల్లో రంగు వెలిసి చారలు కనిపిస్తాయి.

ప్రశ్న: చలికాలం తర్వాత దాచిన స్వెటర్లకు చిల్లులు పడ్డాయి. బూట్ల అడుగులు పొడిలా రాలిపోతున్నాయి.

జవాబు: స్వెటర్లను కొరికింది బట్టల చిమ్మట పురుగులు. ఉన్నిలోని కెరాటిన్ అనే ప్రోటీన్ వాటి ఆహారం. చెమట, నూనె మరకలున్న చోటును ముందు కొరుకుతాయి. కాబట్టి ఒక్కసారి వేసుకున్నదైనా ఉతకకుండా దాచొద్దు. హ్యాంగరుకు తగిలిస్తే భుజాలు సాగుతాయి, మడిచి పెట్టండి. ఇప్పుడు పెట్టెలో మిగిలినవాటిని ప్లాస్టిక్ కవర్లో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా కవర్ విప్పకండి, లేకపోతే బట్ట తడుస్తుంది.

బూట్ల సంగతి వేరు. పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన అడుగులు గాలిలోని తేమతో నెమ్మదిగా విచ్ఛిన్నమవుతాయి. వాడకుండా దాస్తే పదిలంగా ఉంటాయనుకోవడం పొరపాటు. అప్పుడప్పుడూ వేసుకోండి, ప్లాస్టిక్ కవర్లో బిగించకండి, గాలి ఆడే పొడి చోట ఉంచండి. రాలడం మొదలయ్యాక జిగురు నిలవదు. పైతోలు బాగుంటే రబ్బరు అడుగు వేయించండి.

ప్రశ్న: గోడ మీద ఫొటోలు ఎంత ఎత్తులో పెట్టాలి?

జవాబు: ఫ్రేము మధ్యభాగం నేల నుంచి 145 నుంచి 150 సెం.మీ. సోఫా పైనయితే సోఫా అంచుకూ ఫ్రేముకూ మధ్య 15 నుంచి 20 సెం.మీ. మించొద్దు. మేకు కొట్టే ముందు ఫ్రేము సైజులో కాగితం కత్తిరించి టేపుతో అంటించి, ఒక రోజు అలాగే ఉంచి చూడండి.