సొంత ఎద్దే చేలో పడితే

ప్రశ్న: మేడం, మాది దేవరకొండ దగ్గర పల్లె. మా చెల్లెకు 26 ఏళ్లు. పత్తి ఏరబోయి వచ్చినప్పటి నుంచి రెండు చెంపల మీద ఎర్రగా కందిపోయింది, పొద్దున లేస్తే వేళ్లు ముడవరావు, జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతోంది. హైదరాబాదులో చూపిస్తే లూపస్ అన్నారు, ఒంటి కాపలా సొంత ఒంటి మీదికే తిరగబడే జబ్బట. సొంత డీఎన్‌ఏ మీదనే యాంటీబాడీలు తయారయ్యాయట. ఎండకు పోవద్దని, రోజూ మలేరియా గోలీ వేసుకోమని రాశారు. మలేరియా లేని మనిషికి ఆ గోలీ ఏంది? మెడికల్ షాపతను కూడా నవ్విండు. అసలు సొంత డీఎన్‌ఏ అని ఒంటికి తెలియదా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక అక్క, నల్లగొండ జిల్లా

జవాబు: నవ్విన అతనికి ఈ పేజీ చూపించండి. గోలీ సరైందే, మానొద్దు.

తెలియదా అని అడిగారు కదా, నిజంగానే సరిగ్గా తెలియదమ్మా. వైరస్ డీఎన్‌ఏ అయినా మనదైనా ఒకే సరుకుతో తయారైంది, కాబట్టి ఒళ్లు దాని మొహం చూసి గుర్తుపట్టడం కన్నా అది ఎక్కడ కనబడిందో చూస్తుంది. మీ ఎద్దు కొట్టంలో ఉంటే ఎవరూ పట్టించుకోరు, అదే ఎద్దు రాత్రిపూట పత్తి చేలో కనబడితే ఎవరిదని అడగకుండానే కేకలేసి బందెలదొడ్డికి తోలతారు. డీఎన్‌ఏకు కొట్టం కణం నడుమ ఉండే కేంద్రకం. సాగదీస్తే దాదాపు రెండు మీటర్లుండే ఆ దారాన్ని కణం అందులో చుట్టి పెట్టి ఉంచుతుంది. అది కేంద్రకం దాటి బయటి ద్రవంలో కనబడిందంటే సీగ్యాస్ అనే కాపలా ప్రోటీన్ దాన్ని పట్టుకుని, స్టింగ్ అనే ఇంకో ప్రోటీన్‌కు కబురు పంపుతుంది, దాంతో ఇంటర్‌ఫెరాన్ పుడుతుంది. (ఈ సీగ్యాస్ సంగతి 2013లో గానీ బయటపడలేదు. నేను చదువుకున్న పుస్తకాల్లో దాని పేరే లేదు.) ఇంటర్‌ఫెరాన్ అంటే ఊరంతా లేపే డప్పు అనుకోండి. వైరస్ వచ్చినప్పుడు అది మోగాల్సిందే. కానీ జ్వరంలో ఒళ్లు పచ్చిపుండులా నొప్పి పెట్టడంలో దాని చెయ్యి కూడా ఉంటుంది. అప్పట్లో హెపటైటిస్ సి వాళ్లకు దాన్నే సూది మందుగా ఇస్తే ఫ్లూ వచ్చినట్టు వణికిపోయేవాళ్లు.

ఇప్పుడు మీ చెల్లె సంగతి. ఎండలోని అతినీల కిరణాలకు చర్మ కణాలు చస్తాయి, వాటి లోపలి డీఎన్‌ఏ, దాని నకలు లాంటి ఆర్‌ఎన్‌ఏ బయటపడతాయి. మీకూ నాకూ కూడా ఎంతో కొంత ఇలాగే జరుగుతుంది, కాకపోతే ఆ చెత్తను ఊడ్చే ఎంజైములు వెంటనే ఊడ్చేస్తాయి. లూపస్‌లో ఊడ్పు సరిగ్గా ఉండదు, పైగా రోగక్రిములను పట్టుకోవాల్సిన యాంటీబాడీలు ఆ ముక్కలకు అతుక్కుని ముద్దలవుతాయి. ఆ ముద్దలను కొన్ని తెల్ల రక్తకణాలు మింగుతాయి. మింగింది కణంలోపల ఒక పుల్లటి సంచిలోకి పోతుంది, అక్కడ టోల్ లైక్ రిసెప్టర్లు అని కాపలావాళ్లుంటారు, 7వ నంబరుది ఆర్‌ఎన్‌ఏను, 9వది డీఎన్‌ఏను పసిగడుతుంది. మామూలుగా అయితే ఆ సంచిలో దొరికేది ఏ వైరస్‌దో బ్యాక్టీరియాదో అయి ఉంటుంది, అందుకని అవి మళ్లీ డప్పు కొడతాయి. ఈసారి దొరికింది సొంత ఎద్దే. డప్పు మోగేకొద్దీ కొత్త యాంటీబాడీలు, వాటితో కొత్త ముద్దలు. ఇక ఆగదు.

మలేరియా గోలీ, అంటే హైడ్రాక్సీక్లోరోక్విన్, పోయి చేరేది ఆ సంచిలోకే. చేరి అక్కడి పులుపు విరగ్గొడుతుంది. పులుపు లేకపోతే ఆ రిసెప్టర్లు సరిగ్గా పనిచేయవు. రెండు రోజుల్లో గుణం కనబడదు, రెండు మూడు నెలలు పడుతుంది, ఈలోపు 'పనిచేస్తలేదు' అని చాలామంది ఆపేసి మళ్లీ కీళ్లు పట్టుకుని వస్తారు. ఏళ్ల తరబడి వేసుకుంటే కంటి వెనక పొర మీద ప్రభావం పడొచ్చు, కాబట్టి మొదట్లో ఒకసారి, తర్వాత డాక్టర్ చెప్పినప్పుడల్లా కంటి పరీక్ష చేయించండి. గర్భం వచ్చినా సాధారణంగా దీన్ని ఆపరు, మీ అంతట మీరు ఆపొద్దు. కాళ్లు వాచినా, మూత్రంలో నురగ వచ్చినా ఆగకుండా చూపించండి, లూపస్ మూత్రపిండాల మీదికి పోతుంది. పత్తి ఏరక తప్పదంటారా, చీకటి విడవకముందు పోయి ఎండ ఎక్కకముందు రావాలి, నిండు చేతుల అంగీ, మొహానికి కొంగు.

ఆడవాళ్లకే ఎందుకని కూడా అడుగుతుంటారు. రోగుల్లో పది మందిలో తొమ్మిది మంది వాళ్లే. హార్మోన్లతో పాటు ఒక కారణం, ఆ 7వ నంబరు రిసెప్టర్ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది, ఆడవాళ్లకు ఎక్స్‌లు రెండు. రెండోది మూతపడి ఉండాలి గానీ కొన్ని కణాల్లో ఈ జన్యువు మూతపడదు. ఎవరి దిష్టీ కాదు.

ప్రశ్న: చికున్‌గున్యా ఆర్‌ఎన్‌ఏకు జ్వరంతో లేపి కూర్చోబెట్టే ఒళ్లు, టీకాలోని ఆర్‌ఎన్‌ఏను ఎలా ఊరుకుంటుంది?
– డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: పూర్తిగా ఊరుకోదు బాబూ, టీకా వేసిన రాత్రి వచ్చే జ్వరం అందుకే. మన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ, అంటే ప్రోటీన్ తయారీకి కబురు మోసే ఆర్‌ఎన్‌ఏ, తలకు రుమాలు చుట్టుకున్నట్టు ఒక టోపీ ఉంటుంది. చాలా వైరస్‌లు పెరిగేటప్పుడు బోడి తల ఆర్‌ఎన్‌ఏలు పుడతాయి, రిగ్-ఐ అనే ప్రోటీన్ ఆ బోడి తలనే పట్టుకుంటుంది. టీకాలో రుమాలు కట్టి పంపుతారు. అంతకంటే పెద్ద కిటుకు, ఆర్‌ఎన్‌ఏ రాతలోని యూరిడిన్ అనే అక్షరం బదులు దాన్ని కొద్దిగా మార్చిన రూపం పెట్టడం, అప్పుడు టోల్ రిసెప్టర్లు అంతగా ఉలిక్కిపడవు. ఈ కిటుకును కటాలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ అనే శాస్త్రవేత్తలు 2005లో చూపించారు, 2023లో నోబెల్ వచ్చింది. మన దగ్గర ఎక్కువ మంది వేయించుకున్న కోవిషీల్డ్, కోవాగ్జిన్ మాత్రం ఈ రకం కాదు.