డ్రైఫ్రూట్స్ సంగతి తర్వాత, ముందు ఆ మొటిమల క్యాప్సూల్ ఆపండి

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. పెళ్లయి రెండేళ్లయింది, మావారు మా మేనమామ కొడుకే. ఇన్నాళ్లూ పిల్స్ వాడాను, పోయిన నెల ఆపేశాను. పిల్లల కోసం ఇప్పటి నుంచే ఏమేం తినాలి, ఏ డ్రైఫ్రూట్స్ మంచివి? పిల్స్ ఆపాక ఎన్ని నెలలు ఆగాలి? ఇంతకుముందు థైరాయిడ్‌కి 50 టాబ్లెట్ వేసుకునేదాన్ని, నార్మల్ వచ్చిందని మానేశా. ఫ్రెండ్ చెప్పిందని మొటిమలకు ఐసోట్రెటినాయిన్ క్యాప్సూల్ వేసుకుంటున్నా, అది తప్ప వేరే మందులేం లేవు. - ఒక సోదరి, కరీంనగర్

డాక్టర్ సలహా: అమ్మా, అసలు విషయం ఆఖర్న ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు, నేను అక్కడే ఆగిపోయాను. ఐసోట్రెటినాయిన్ వేసుకుంటూ పిల్స్ ఆపేయడమేంటమ్మా! ఆ మందు కడుపులో పిండం మీద నేరుగా పనిచేస్తుంది, చెవులు, ముఖం, గుండె, మెదడు సరిగ్గా ఏర్పడకపోవచ్చు, అబార్షన్ అయ్యే రిస్క్ కూడా ఎక్కువ. తక్కువ డోసే కదా, కొన్ని రోజులే కదా అనుకోవడానికి లేదు. ఈరోజే ఆపండి. ఆపిన తర్వాత కూడా కనీసం ఒక నెల ప్రెగ్నెన్సీ రాకూడదు, మీ స్ట్రిప్ మీద అంతకంటే ఎక్కువ గడువు రాసుంటే అదే పాటించండి. అప్పటిదాకా కండోమ్ వాడండి.

పోయిన నెల నుంచి జాగ్రత్త ఏం తీసుకోలేదు కాబట్టి ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. నెగెటివ్ వచ్చి పీరియడ్ రాకపోతే వారం తర్వాత మళ్లీ చేయండి. ఒకవేళ పాజిటివ్ వస్తే కంగారుపడి మెడికల్ షాపుకెళ్లి అబార్షన్ టాబ్లెట్లు తెచ్చుకోకండి, నేరుగా గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లి ఈ మందు సంగతి చెప్పండి. ఏం చేయాలన్నది స్కాన్ చూసి, మీతో మాట్లాడి వాళ్లు చెప్తారు.

మొన్నొకమ్మాయి ఇలాగే హ్యాండ్‌బ్యాగ్‌లోంచి స్ట్రిప్ ముక్క తీసి చూపించింది. నాలుగు క్యాప్సూల్స్ అడిగితే షాపులో కత్తెరతో కట్ చేసి ఇచ్చారట, పేరు, గర్భిణులు వాడకూడదన్న హెచ్చరిక ఉన్న సగం షాపు డబ్బాలోనే ఉండిపోయింది. ఏం మందు వాడుతున్నావమ్మా అంటే "ఆరెంజ్ కలర్ గోలీ" అంది! మీ ఫ్రెండ్‌కి బహుశా స్కిన్ డాక్టర్ రాసుంటారు, ఆవిడకి అప్పుడు పిల్లల ప్లాన్ లేకపోయి ఉండొచ్చు, అదే చీటీ మీకెలా పనికొస్తుంది చెప్పండి. మొటిమలకు ప్రెగ్నెన్సీలో వాడదగ్గ క్రీములు వేరే ఉన్నాయి, స్కిన్ డాక్టర్ని అడగండి.

థైరాయిడ్‌ది కూడా ఇదే గోల. టాబ్లెట్ వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్ వచ్చి ఉండొచ్చు కదా, రిపోర్ట్ బాగుందని మానేయడం మీ ఒక్కరి అలవాటు కాదులెండి, రోజుకి ఇద్దరు ముగ్గురు ఇలాగే వస్తారు. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష మళ్లీ చేయించండి. థైరాయిడ్ ఉన్నవాళ్లకి ప్రెగ్నెన్సీకి ముందే అది 2.5 లోపు ఉంటే మంచిది. మళ్లీ మొదలుపెట్టాలా, ఎంత డోసు అన్నది మాత్రం మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి, పాత 50 మీరే తెచ్చి వేసేసుకోకండి. వేసుకోమంటే పొద్దున్నే పరగడుపున, ఐరన్, కాల్షియం మాత్రలకి నాలుగు గంటలు గ్యాప్ ఇచ్చి.

ఫోలిక్ యాసిడ్ గురించి మీరు అడగనే లేదు. పిండానికి మెదడు, వెన్నుపాము ఏర్పడే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల లోపే మూసుకుంటుంది, అంటే పీరియడ్ రెండు వారాలు లేటయి మీరు టెస్ట్ చేసుకుని ఇంట్లో చెప్పేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది. అందుకే కనీసం నెల ముందు నుంచి మొదలుపెట్టాలి. మామూలుగా రోజుకి 400 మైక్రోగ్రాములు చాలు, షుగర్, ఫిట్స్ మందులు లాంటివి ఉన్నవాళ్లకి 5 మిల్లీగ్రాములది రాస్తాం. మీకు ఏదో అడిగి వేసుకోండి.

మేనరికం అన్నారు కాబట్టి సీబీసీ (రక్తకణాల లెక్క)తో పాటు తలసేమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తం జబ్బు) కోసం హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష ఇద్దరూ చేయించుకుంటే మంచిది. ఇద్దరూ క్యారియర్లయితే, అంటే తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువు ఉన్నవాళ్లయితే, ప్రతి ప్రెగ్నెన్సీలోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, ముందే తెలిస్తే దారి ఉంటుంది. మీ ఇద్దరి కుటుంబాల్లో చిన్నప్పుడే చనిపోయిన పిల్లలు, మాటలు రానివాళ్లు, వినపడనివాళ్లు ఎవరైనా ఉంటే అదీ దాచకుండా చెప్పండి. రుబెల్లా (తట్టు లాంటి వైరస్ జబ్బు) టీకా పడకపోతే ఇప్పుడే వేయించుకోవాలి, దానికీ తర్వాత ఒక నెల ఆగాలి, ఎలాగూ ఆగుతున్నారు కదా.

ఇక మీరడిగినవి. పిల్స్ ఆపాక ప్రత్యేకంగా ఆగాల్సిన పనేం లేదు. బాదం, ఖర్జూరం తినండి, కాదనను, రక్తం తక్కువుంటే మాత్రం ఖర్జూరంతో సరిపోదు, హిమోగ్లోబిన్ చూపించుకోండి.

గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, ఖాళీవైనా సరే, పాత రిపోర్టులతో పాటు ఒక కవర్లో వేసుకెళ్లండి. మీవారిని కూడా లోపలికి తీసుకెళ్లండి, ఆయన సిగరెట్టు, గుట్కా, జిమ్ ఇంజెక్షన్లు లాంటివి ఏమున్నా అడగాలి, బయట బండి దగ్గర ఫోన్ చూసుకుంటూ నిలబడితే కుదరదు.