పాఠకుల ప్రశ్నలు: పాత పుస్తకం మీది గుండ్రటి ముద్ర

ప్రశ్న: మా అమ్మమ్మగారి ట్రంకుపెట్టెలో, నోముల పుస్తకాల అడుగున, అట్ట ఊడిపోయిన తెలుగు పుస్తకం ఒకటి దొరికింది. మొదటి పేజీ మీద ఊదారంగు గుండ్రటి ముద్ర ఉంది. సంస్థ పేరు అలికినట్టయిపోయింది గాని ‘పఠన మందిరము’, ‘చికాకోలు’, ‘గంజాం జిల్లా’ అన్న మాటలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. మా ఊరు గంజాం జిల్లాలో ఎప్పుడు ఉండేది? అప్పట్లో గ్రంథాలయాలను ఎవరు నడిపేవారు? ఇప్పుడు మా ఇంటి పన్నుతో పాటు వసూలు చేస్తున్న గ్రంథాలయ సెస్సుకూ ఆ పఠన మందిరాలకూ ఏమైనా సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు ఆ ముద్రలోనే ఉంది. ఇంగ్లీషువారు చికాకోల్ అని రాసుకున్న శ్రీకాకుళం 1936 వరకు గంజాం జిల్లాలోనే ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై, గంజాంలో ఎక్కువ భాగం అటు వెళ్ళినప్పుడు మీ ప్రాంతాన్ని విశాఖపట్నం జిల్లాలో కలిపారు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. కాబట్టి మీ పుస్తకం 1936కు ముందే ఆ పఠన మందిరానికి చేరి ఉండాలి. జిల్లా మారిన మర్నాడే ఎవరూ కొత్త రబ్బరు ముద్ర చేయించరు గనుక ఒకటి రెండేళ్ళు అటూ ఇటూగా తీసుకోండి. పాత పుస్తకాల కాలాన్ని ఇలా జిల్లా పేరును బట్టి పోల్చుకోవడం మన ప్రాంతంలో బాగా పనికివస్తుంది. ఉదాహరణకు పార్వతీపురం 1950 దాకా విశాఖపట్నం జిల్లాలోనూ, ఆ తరువాత శ్రీకాకుళం జిల్లాలోనూ ఉండి, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకు తానే కేంద్రమయింది. ఊరు కదలకుండానే నాలుగు జిల్లాల పేర్లు మోసిన ఆ పట్టణంలో పుస్తకాల మీది ముద్రలు చూస్తే ఏ పుస్తకం ఏ కాలంలో వచ్చిందో చాలావరకు తెలిసిపోతుంది.

ఇక నడిపినవారి సంగతి. ఆ కాలంలో గ్రంథాలయాల కోసం చట్టమూ లేదు, పన్నూ లేదు. ఊళ్ళోని ప్లీడర్లు, బడిపంతుళ్ళు, వర్తకులు, చదువు మీద మమకారం ఉన్న యువకులు కలిసి సభ్యుల చందాలతోనూ దాతల విరాళాలతోనూ ఒక గది చూసుకొని, బీరువా కొని, పత్రికలు తెప్పించేవారు. అక్షరం రానివాళ్ళు కూడా వచ్చి కూర్చుంటే ఒకరు పత్రిక పైకి చదివి వినిపించేవారు. మన పక్కనే విశాఖపట్నంలో 1886లోనే ఇటువంటి పౌర గ్రంథాలయం వెలిసింది. ఈ ప్రయత్నాలన్నిటినీ ఒక తాటి మీదికి తెచ్చినవారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. ఆయన పూనికతో 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన, ఊరూరి గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని స్థాపించుకున్నారు. దానికి తొమ్మిది రోజుల ముందే, ఏప్రిల్ 1న, కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఆంధ్రపత్రిక మద్రాసులో దినపత్రికగా మొదలైంది. ఈ రెండింటినీ నేను విడివిడిగా చూడలేను. రోజూ తెలుగులో పత్రిక రావడం, దాన్ని పదిమందీ కూర్చొని చదువుకునే చోటు ఊరూరా ఏర్పడడం ఒకదానికొకటి ఊతమయ్యాయి.

మీ పుస్తకం అమ్మమ్మగారి పెట్టెలోకి ఎలా చేరిందో ఊహిస్తే నాకు మనసు నిండింది. అప్పటి పఠన మందిరాలలో మగవారే ఎక్కువగా కూర్చునేవారు. ఇంట్లోని తండ్రో అన్నగారో తన సభ్యత్వం మీద తెచ్చి ఇచ్చిన పుస్తకం అది అయి ఉంటుందని అనిపిస్తోంది.

సెస్సు సంగతికి వస్తే, చందాల మీద బతికే గ్రంథాలయానికి ఎప్పుడూ ఒకే గండం ఉండేది: ఉత్సాహంతో నడిపిన నలుగురూ పెద్దవారైపోయినా, బదిలీ మీద ఊరు విడిచినా తలుపులు మూతపడేవి. ఆ గండం గడవాలంటే చట్టం కావాలని పట్టుబట్టి, దాని ముసాయిదా రాసినవారు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్‌గారు. 1948లో మద్రాసు శాసనసభ ఆ చట్టాన్ని ఆమోదించింది. స్వతంత్ర భారతంలో ఇటువంటి చట్టం అదే మొదటిది. ఇంటి పన్నులో రూపాయికి 6 పైలు, అంటే అర్ధణా, గ్రంథాలయాలకు చెల్లాలని అందులో రాశారు. నేటి లెక్కలో అది మూడు పైసలకు కొంచెం ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కోస్తా, రాయలసీమల్లోని ఈ చట్టమూ, తెలంగాణలోని 1955 నాటి హైదరాబాదు చట్టమూ పోయి, రెండు ప్రాంతాలకూ కలిపి 1960లో ఒకే చట్టం వచ్చింది. ఇప్పుడు మీరు చెల్లిస్తున్నది రూపాయికి 8 పైసలు. ఇంటి పన్ను 1,500 రూపాయలైతే దాని మీద 120 రూపాయలు గ్రంథాలయానిదన్న మాట. పురపాలక సంఘమూ పంచాయతీలూ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయవలసిన సొమ్ము అది. కేంద్ర గ్రంథాలయం, శాఖా గ్రంథాలయాలు, చిన్న ఊళ్ళకు కొన్ని పుస్తకాలు ఇచ్చి ఉంచే పుస్తక నిక్షేప కేంద్రాలు, అన్నీ ప్రధానంగా దాని మీదే ఆధారపడతాయి. ఆ జమ ఆలస్యమైతే ముందుగా ఆగిపోయేది కొత్త పుస్తకాల కొనుగోలు. రసీదులో ఆ పద్దు గమనించిన మీవంటివారు సంస్థ కార్యాలయానికి వెళ్ళి, మా ఊరి సెస్సు ఎంత జమ అయింది అని అడగడం ఎంతమాత్రం తప్పు కాదు. అడిగేవారు ఇంకా ఉండాలని నా కోరిక.

చట్టం వచ్చినా పాత పద్ధతి పూర్తిగా పోలేదనడానికి మీ ఊళ్ళోనే సాక్ష్యం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు తనకు వచ్చిన పురస్కారాల సొమ్ముతో పూనుకొని 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించిన కథానిలయం అనే గ్రంథాలయం సెస్సు మీద నడిచేది కాదు. తెలుగు కథ అన్నది ఏ పాత పత్రికలో అచ్చయినా ఒకచోట దొరకాలన్న పట్టుదలతో, పాఠకులూ రచయితలూ పంపిన పుస్తకాలతోనూ పత్రికలతోనూ అది పెరిగింది. మీ పుస్తకం మీది పఠన మందిరానికి అది నేరుగా వారసురాలని నేను భావిస్తాను.

చివరిగా ఒక సూచన. గ్రంథాలయాలవారు మొదటి పేజీ మీదనే కాక, పేజీ చిరిగినా గుర్తు మిగలాలని, లోపల తాము నిర్ణయించుకున్న ఒక పేజీలో కూడా ముద్ర వేసి నంబరు రాసే అలవాటు ఉంది. మీ పుస్తకాన్ని ఒక్కొక్క పేజీ తిప్పి చూడండి. సంస్థ పేరు అక్కడ చెదరకుండా ఉండవచ్చు. వెనక అట్ట ఊడిపోయినా, చివరి కాగితానికి తేదీల చీటీ అతికించిన జిగురు మరకైనా మిగిలి ఉంటుంది. చీటీయే ఉంటే ఆ పుస్తకాన్ని ఎందరు ఏ నెలల్లో ఇంటికి తీసుకువెళ్ళారో తెలుస్తుంది. నంబరు దొరికితే దాన్ని రాసుకొని, పుస్తకాన్ని గుడ్డలో చుట్టి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి తీసుకువెళ్ళి గ్రంథపాలకులకు చూపించండి. పాత సంస్థల నుంచి వచ్చిన పుస్తకాలేవైనా వారి యాక్సెషన్ రిజిస్టరులో, అంటే చేరిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి రాసుకునే పుస్తకంలో, నమోదై ఉంటే సరిపోల్చి చూడమని అడగవచ్చు. వెళ్ళేది శుక్రవారం కాకుండా చూసుకోండి. గ్రంథాలయాలకు ఆ రోజు సెలవు.