యాంటీబాడీ ఇంజెక్షన్ తీసుకుంటే మాత్రలు మానేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 46 ఏళ్లు. నాన్నకి గుండెపోటొచ్చి స్టెంట్ వేశారు, నాకూ ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎక్కువుందని, దాన్ని తగ్గించే స్టాటిన్ మాత్ర రోజూ వేసుకుంటున్నా. యాంటీబాడీ ఇంజెక్షన్ చేయించుకుంటే రక్తనాళాల్లో బ్లాకులు రావని, అదీ టీకా లాంటిదేనని మా ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా? మాత్రలు మానేయొచ్చా?

జవాబు: మానకండి, ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. మీ ఫ్రెండ్ రెండు మూడు సంగతులు కలిపేశాడు. టీకా అంటే మన ఒంటిచేతే యాంటీబాడీలు తయారు చేయించడం, ఇదేమో రెడీమేడ్ యాంటీబాడీని ఎక్కించడం, కొన్ని వారాలకి దాని పని అయిపోతుంది, మళ్లీ పొడిపించుకోవాల్సిందే.

ఇప్పుడు వాడుతున్నవి ఎవోలోక్యుమాబ్, అలిరోక్యుమాబ్, 2015లో వచ్చాయి. ఇవి పనిచేసేది కొలెస్ట్రాల్ మీద, ఇమ్యూనిటీ మీద కాదు. లివర్ కణాల మీద రిసెప్టర్లుంటాయి, రక్తంలో ఎల్‌డీఎల్‌ని పట్టుకుని లోపల దించేసి మళ్లీ పైకొచ్చి ఇంకోదాన్ని పట్టుకుంటాయి, అలా ట్రిప్పులు కొడుతూనే ఉంటాయి. పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్ అతుక్కుందంటే మాత్రం ఆ రిసెప్టర్ ఇంక పైకి రాదు, లోపలే అరిగిపోతుంది. ఈ యాంటీబాడీ ఆ ప్రోటీన్‌ని బయటే పట్టేస్తుంది, దాంతో రిసెప్టర్లు మిగిలి, స్టాటిన్ వాడుతున్నవాళ్లలో కూడా ఎల్‌డీఎల్ ఇంకో 60 శాతం వరకూ తగ్గుతుంది.

ఇమ్యూనిటీ మీద పనిచేసే యాంటీబాడీ కథ వేరే. నాళం గోడలోకి దూరిన కొవ్వుని తెల్లకణాలు మింగి ఉబ్బిపోయి అక్కడే చచ్చి మంట (ఇన్‌ఫ్లమేషన్) పెడతాయి, ఆ మంటని ఆపుదామని కెనకినుమాబ్ అనే యాంటీబాడీని అంతకుముందే గుండెపోటు వచ్చిన 10,061 మందిలో పరీక్షించారు (కాంటోస్ ట్రయల్, 2017). ఎల్‌డీఎల్ కదల్లేదు గానీ 3 నెలలకోసారి 150 మి.గ్రా. తీసుకున్నవాళ్లలో గుండెపోటు, స్ట్రోక్, గుండె మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి, నన్నడిగితే అసలు విశేషం అదే. కానీ ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం చావులేమో తగ్గలేదు, అందుకే 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని గుండెకి వాడటానికి ఒప్పుకోలేదు.

అసలైన టీకా ఇంకా ప్రయోగాల దశలోనే ఉంది. న్యుమోనియా బ్యాక్టీరియాతో టీకా వేస్తే ఎలుకల్లో రక్తనాళాల పూడిక తగ్గిందని 2003లో ఒక పేపర్ వచ్చింది, ఆ బ్యాక్టీరియా పైపొర చెడిన ఎల్‌డీఎల్‌ని పోలి ఉంటుందట, అందుకే దాని మీద పుట్టిన యాంటీబాడీలు దీన్నీ పట్టుకుంటాయట, కానీ మనం ఎలుకలం కాదుగా.

పీసీఎస్‌కే9 ఇంజెక్షన్ మీకు కావాలా అంటే, స్టాటిన్‌కి ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మాత్ర కలిపినా ఎల్‌డీఎల్ దిగకపోతేనో, వంశపారంపర్యంగా బాగా ఎక్కువుంటేనో రాస్తారు. లేటెస్ట్ లిపిడ్ రిపోర్ట్ తీసుకెళ్లండి, నాన్నకి ఎన్నో ఏట వచ్చిందో కూడా డాక్టర్‌కి చెప్పండి, 55 లోపే వచ్చి ఉంటే మీ రిస్క్ లెక్క మారుతుంది.