వాటర్‌ప్రూఫ్ గ్లవ్స్‌లోకి నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయంటే

నీళ్లు వస్తున్నది గ్లవ్స్ గుడ్డలోంచి కాకపోవచ్చు, మణికట్టు దగ్గర చూడండి. సైకిల్ హ్యాండిల్ పట్టుకుంటే చేతులు కిందికి వాలతాయి. రెయిన్‌కోటు మీద పడ్డ వానంతా స్లీవ్ వెంట జారి గ్లవ్‌లోకే దిగుతుంది. కొత్త గ్లవ్స్ వేసినా మియాపూర్ నుంచి గచ్చిబౌలి చేరేసరికి మీ వేళ్లు కొంకర్లు పోతున్నది అందుకే.

1. గ్లవ్ అంచు స్లీవ్ లోపల ఉండాలి, పైన కాదు. దాని మీద స్లీవ్ వెల్క్రో బిగించండి. అద్దం ముందు నిలబడి చూస్తే తెలీదు, సైకిలెక్కి హ్యాండిల్ పట్టుకోండి. చేతులు చాచగానే స్లీవ్ వెనక్కి పోయి మణికట్టు బయటపడిందా? ఆ రెయిన్‌కోటు చేతులు మీకు పొట్టి. ఇక ఎంత ఖరీదైన గ్లవ్స్ కొన్నా దండగే.

2. లోపల పల్చటి ఉన్ని గ్లవ్స్ వేయండి. తడిసినా కాస్త వెచ్చగా ఉంటాయి. కాటన్ వద్దు.

3. కొంత తడి చెమటది కూడా. మన జులై ఉక్కలో మందపాటివి అక్కర్లేదు. వాన ఆగితే తీసేయండి.

4. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సైకిల్ ట్రాక్ మీ దారిలో పడితే దాని సోలార్ ప్యానెళ్ల పైకప్పు కింద కొంత నయం, ఈదురుగాలి లేకపోతేనే.

5. ఆఫీసులో గ్లవ్స్‌లో న్యూస్‌పేపర్ కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి.