బూస్టర్ సీటుతో మీకు రోజూ ఎదురయ్యే చిక్కులేంటి? డిజైన్‌లో ఏం మారిస్తే బాగుంటుంది?

ఫైనలియర్ ప్రాజెక్టుకి పిల్లల బూస్టర్ సీటు, అంటే కారులో పిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే సీటు, డిజైన్ చేస్తున్నానని, వాడేవాళ్ల ఇబ్బందులు చెప్పమని అడిగారు కదా. నేను ఇంజనీర్ని కాను. బెంగళూరు మారతహళ్లిలో అకౌంట్స్ ఉద్యోగం నాది. మా పాపకి ఏడో ఏడు నడుస్తోంది, 21 కిలోలు, 116 సెంటీమీటర్లు. రెండేళ్లుగా మా కారు వెనక సీట్లో ఒక బూస్టర్ ఉంది. దానిమీద నాకున్న కోపం మీకు పనికొస్తుందేమో చూడండి.

ముందు మా నాయన సంగతి. పోయిన దసరాకి మదనపల్లె బయల్దేరాం. హోస్కోటలో టిఫినుకి ఆగి, తిరిగి ఎక్కేటప్పుడు పాపకి మా నాయనే బెల్టు పెట్టాడు. టక్‌మని చప్పుడు వచ్చింది, ఇంకేం, అందరం నిశ్చింతగా కూర్చున్నాం. చింతామణి దగ్గర పడ్డాక పాప "అమ్మా, కడుపు కాడ నొక్కుతా ఉంది" అంది. తిరిగి చూస్తే నడుం పట్టీ సీటు పిడి (చెయ్యి ఆనించే భాగం) కిందనుంచి కాకుండా పైనుంచి పోయింది. తొడల మీద ఉండాల్సింది సరిగ్గా పొట్ట మీద ఉంది. బండి పక్కకి ఆపి సరిచేశాం.

ఆయన తప్పు ఏమీ లేదు. బెల్టు ఎటు పోవాలో చూపించే ఎర్ర గుర్తు మా సీటుకి ఉంది, కానీ పిడి లోపలి వైపు, కిందికి. పాప కూర్చోగానే గౌను దాన్ని కప్పేస్తుంది. "ఎద్దుకి పలుపు కట్టేది ఇంతకన్నా సులువమ్మా, ఎక్కడ కట్టాల్నో చూస్తానే తెలుస్తాది" అన్నాడు నాయన. ఆ మాట మీ రిపోర్టులో రాసుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

ఇదేదో చిన్న పొరపాటని అనుకోకండి. పెద్దల కొలతకి చేసిన బెల్టు పిల్ల తొడల మీద, భుజం మధ్యలో పడేలా చేయడమే బూస్టర్ పని. ఆ వయసులో తుంటి ఎముక ముందు అంచు పెద్దవాళ్లకున్నంత గట్టిగా, ఎత్తుగా ఉండదు కాబట్టి పట్టీ దాని మీద నిలబడదు. కారు గుద్దుకుంటే పిల్ల ఒళ్లు కిందికి జారి, పట్టీ పొట్టలోకి దిగుతుంది. దెబ్బంతా పేగులకి, కాలేయానికి, నడుం దగ్గర వెన్నుకి. మొదట్లో ఓ నెల మేం మా అమ్మ పంపిన బూరుగుదూది దిండు వేసి నడిపించాం. గట్టిగా బ్రేకు పడితే దిండు నలుగుతుంది, ముందుకి జారుతుంది, మళ్లీ అదే కథ. అందుకే బూస్టర్ అడుగు గట్టిగా ఉండాలి. మెత్తదనం పైన ఒక పొర చాలు.

కాబట్టి నా మొదటి కోరిక: బెల్టు తప్పు దారిలో పోతే అది తప్పని డ్రైవర్ సీటులోంచి, అద్దంలో చూసినా తెలియాలి. లేదంటే పిడి పైభాగం ఎలా మలచాలంటే, పట్టీ దానిమీద నిలవనే కూడదు.

రెండోది బకిల్. మా కారులో అది మెత్తని పట్టీకి వేలాడే రకం. బూస్టర్ పెట్టగానే దాని పక్కనో, కిందో ఇరుక్కుపోతుంది. పైగా రెక్సిన్ సీటు కవర్లు. పొద్దున 7:40కి స్కూలు, నేను మూడు వేళ్లు ఆ సందులో దూర్చి వెతుకుతుంటే గోరు విరిగిన రోజులున్నాయి. పాపకి తనే పెట్టుకోవాలని సరదా, కానీ చెయ్యి పట్టదు. బకిల్ వైపు అడుగుభాగాన్ని ఓ నాలుగు సెంటీమీటర్లు కోసి సన్నం చేస్తే పోయే బాధ ఇది. షోరూంలో కొత్త కారులో కాదు, కవర్లు వేసిన పాత కారులో కొలతలు తీసుకోండి.

భుజం దగ్గర బెల్టుకి దారి చూపే కొక్కెం గురించి ఎవరూ మాట్లాడరు గానీ, నాకు అదే అన్నిటికన్నా భయం. పాప బొమ్మ కోసం ముందుకి వంగుతుంది, బెల్టు సాగుతుంది. మళ్లీ వెనక్కి ఆనుకుంటే అది తిరిగి లోపలికి పోవాలి కదా, ఆ కొక్కెంలో ఒరుసుకుని అక్కడే వదులుగా ఉండిపోతుంది. బిగుతుగా లేని బెల్టు ఉన్నా ఏం లాభం? మీ నమూనా తయారయ్యాక పట్టీని యాభైసార్లు లాగి వదిలి చూడండి.

వెన్ను (వీపు ఆనించే భాగం) ఉన్న బూస్టరా, లేనిదా అంటే ఉన్నదే. ఊరు దాటగానే పిల్లలు నిద్రపోతారు, తల పక్కకి వాలితే ఒళ్లంతా బెల్టులోంచి బయటికొస్తుంది. యూరప్ ఆర్129 నిబంధన కింద వెన్ను లేని బూస్టర్లకి 125 సెంటీమీటర్లు దాటిన పిల్లలకే ఆమోదం. కాకపోతే క్యాబ్ ఎక్కాలంటే అంత పెద్దది మోయలేం. మా సీటుకి వెన్ను ఊడొస్తుంది కాబట్టి అప్పుడు కింది భాగం మాత్రం సంచిలా తగిలించుకుని పోతాను, ఏమీ లేకపోవడం కన్నా నయమని. అక్కడ ఇంకో తంటా, బకిల్ సీటు మీద పరిచిన తువ్వాలు కింద ఎక్కడో ఉంటుంది. "వెనక బెల్టు ఎవరూ అడగరు మేడం" అంటాడు కోలారు డ్రైవర్, తెలుగులోనే. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 194బి సెక్షన్ ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలకి బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే బండి నడిపేవాళ్లకి వెయ్యి రూపాయల జరిమానా అని చెప్తే నవ్వి, తువ్వాలు తీశాడు.

ఐసోఫిక్స్, అంటే బూస్టర్‌ని కారు సీటులోని ఇనుప కడ్డీలకి తగిలించే కొక్కేలు, పెడితే మంచిదే, ఖాళీ సీటు ఎగిరిపడదు. కానీ బూస్టర్‌లో అది సీటునే పట్టుకుంటుంది, పిల్లని పట్టుకునేది కారు బెల్టే. ఇది తెలియక కొక్కేలు తగిలించాం కదా అని బెల్టు పెట్టనివాళ్లు నాకు తెలుసు. మధ్య సీటుకి నడుం పట్టీ ఒక్కటే ఉంటే అక్కడ బూస్టర్ వద్దు. ఈ రెండూ మాన్యువల్‌లో కాదు, సీటు మీదే బొమ్మగా ఉండాలి.

పెరుగన్నం గురించి చెప్పకపోతే తల్లిని ఎలా అవుతాను? కవర్ తీసి ఉతకడం రెండు నిమిషాలు, తిరిగి తొడగడం అరగంట. పన్నెండు ఎలాస్టిక్ కొక్కేలు, లెక్కపెట్టాను. ఒకసారి విసుగొచ్చి నాలుగు వదిలేశాను, బట్ట ముడతపడి బెల్టు దారిలోకి వచ్చింది. జిప్పు పెట్టండి బాబూ.

నమూనాని రోడ్డు మీద పిల్లలతో పరీక్షించొద్దు. మన దేశంలో చైల్డ్ సీట్లకి ఏఐఎస్-072 ప్రమాణం ఉంది, పిల్లల కొలతల డమ్మీ బొమ్మలతో స్లెడ్ (గుద్దుకున్నట్టు ఒక్కసారిగా కుదిపే పరీక్ష బండి) మీద పరీక్ష చేస్తారు. మీరు ఆగి ఉన్న కారులో, ఎక్కించేవాళ్ల చేతులు మాత్రం పరీక్షించండి. వచ్చే నెల మా నాయన వస్తాడు. సీటు ఆయనకిచ్చి, ఒక్క ముక్క కూడా చెప్పకుండా పక్కన నిలబడండి. కళ్లజోడు ఎలాగూ ఇంట్లోనే మర్చిపోతాడు.